బెర్వె పద్దులు, బెర్వె రక్తం లెక్కలు

అలెగ్జాండర్ మీద పరిశోధన చేసేవాళ్లు దాదాపు వందేళ్లుగా తిరగేస్తున్న పుస్తకం ఒకటుంది. 1926లో మ్యూనిక్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. రాసినాయన హెల్ముట్ బెర్వె. అప్పటికి ఆయనకు ముప్ఫయ్యేళ్లు. మొదటి సంపుటంలో అలెగ్జాండర్ కొలువు, సైన్యం, పాలన ఎలా నడిచాయో ఉంటుంది. రెండోది మనుషుల పట్టిక. అలెగ్జాండర్‌తో ఏదో ఒక రకంగా సంబంధం ఉన్నట్టు పాత గ్రంథాల్లోనో శాసనాల్లోనో పేరు దొరికిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఒక పద్దు. ఎనిమిది వందలకు పైగా పద్దులున్నాయి.

ఈ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. అలెగ్జాండర్ కథ రాసిన ప్రాచీన రచయితలు అర్రియన్, కర్టియస్, డయొడోరస్, ప్లూటార్క్, జస్టిన్, ఈ ఐదుగురినీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పేరూ ఏరాలి. తండ్రి పేరు, సొంతూరు, చేసిన కొలువు, ఆఖరిసారి కనిపించిన సంవత్సరం రాసుకోవాలి. చిక్కంతా ఒకే పేరున్న మనుషులతో వస్తుంది. టాలెమీలు చాలామంది, ఫిలిప్‌లు చాలామంది, అలెగ్జాండర్ పేరున్నవాళ్లే చాలామంది. ఇద్దర్ని ఒకడిగా కలిపేస్తే ఒకే మనిషి ఒకే నెలలో బాక్ట్రియాలోనూ మాసిడోనియాలోనూ తేలతాడు. ఒకణ్ణి ఇద్దరుగా విడదీస్తే లేని అధికారి పుట్టుకొస్తాడు. బెర్వె ఈ పనిని గొప్ప ఓపికతో చేశాడు. ఆ పట్టికలో మనకు తెలిసినవాళ్లూ ఉన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో పురుషోత్తముడిగా చదువుకున్న పోరస్, గ్రీకులు టాక్సిలెస్ అని పిలిచిన తక్షశిల రాజు అంభి, సైన్యం వెంట పర్షియా దాకా నడిచి అక్కడ తన చితి తానే పేర్పించుకున్న భారతీయ సన్యాసి కలనోస్.

ఇదే మనిషి పదేళ్లు తిరక్కుండా ప్రాచీన చరిత్రను రక్తంతో కొలవడం మొదలుపెట్టాడు. ఆయన గురించి మాట్లాడేవాళ్లు తరచుగా రెండు అరలు చేస్తారు: ఒక అరలో మంచి పండితుడు, ఇంకో అరలో నాజీ. నేను దీన్ని ఒప్పుకోను. ఆయన జాతివాదం పాండిత్యం పక్కన విడిగా కూర్చోలేదు. పాండిత్యంలోకే దిగి, ఏ ప్రశ్న అడగాలో, ఎక్కడ అడగడం ఆపాలో అదే నిర్ణయించింది. పైగా ఆ జాతి సిద్ధాంతాన్ని పడగొట్టడానికి బయటి సరుకేమీ అక్కర్లేదు. ఆయన తన పద్దుల కోసం దువ్విన గ్రంథాలే చాలు.

ముందు ఉద్యోగం కథ చూద్దాం. బెర్వె 1896లో బ్రెస్లౌలో పుట్టాడు. అది అప్పటి జర్మన్ సైలీషియా, నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. మ్యూనిక్‌లో ప్రాచీన చరిత్రకారుడు వాల్టర్ ఓటో దగ్గర తయారయ్యాడు. 1927లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1931లో ఆయన గ్రీకు చరిత్ర మొదటి సంపుటం వచ్చింది, 1933లో రెండోది. ఈ మొదటి తేదీ ముఖ్యం. హిట్లర్ గద్దెనెక్కక ముందే వచ్చిన ఆ సంపుటంలో గ్రీకు తెగల్లో డోరియన్లకొక సహజగుణం, అయోనియన్లకొక సహజగుణం అనే ధోరణి అప్పటికే ఉంది. ఎవరో మెడ మీద కత్తి పెట్టి రాయించారనడానికి వీల్లేదు. 1933 మే 1న నాజీ పార్టీలో చేరాడు. 1934లో ప్రాచీన యుగానికీ నాజీ రాజ్యానికీ ఉన్న సంబంధం గురించి చరిత్ర ఉపాధ్యాయులు చదివే పత్రికలో వ్యాసం రాశాడు. 1940 నుంచి 1943 దాకా లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి రెక్టర్, అంటే అధిపతి. యుద్ధానికి మానవీయ శాస్త్రాల సేవ అనే పేరుతో 1940లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమంలో ప్రాచీన అధ్యయనాల విభాగాన్ని నడిపింది ఆయనే. ఆ పనిలో భాగంగా 1942లో ఆయన సంపాదకత్వంలో రెండు సంపుటాలు వచ్చాయి, ఒకటి గ్రీసు మీద, ఒకటి రోము మీద. 1943లో మ్యూనిక్‌కు, తన గురువు కూర్చున్న పీఠానికే వెళ్లాడు.

ఇక రాతల సంగతి. 1935లో ప్రాచీన తూర్పు దేశాల సంస్కృతి చరిత్ర మీద ఆయన రాసిన వ్యాసం చదివితే, ఒక శాస్త్రం తన కళ్లు తానే పొడుచుకోవడం కళ్లారా చూడొచ్చు. వాదం క్లుప్తంగా ఇది: మనిషి తన జాతివాణ్ణే లోలోపలి నుంచి అర్థం చేసుకోగలడు, పరాయి జాతి సారం అందదు, కాబట్టి ఈజిప్టు, బాబిలోనియా, అస్సీరియాల అధ్యయనానికి జర్మన్ చదువులో మునుపటి చోటు ఉండాలా అన్నది అనుమానించాల్సిందే. దీనికి ముందు తరంలో ఎడ్వర్డ్ మేయర్ అనే మహా పండితుడు ఈజిప్టు నుంచి గ్రీసు దాకా ఒకే ప్రాచీన ప్రపంచంగా చూసి చరిత్ర రాశాడు. ఆయన 1930లో పోయాడు. ఐదేళ్లకే ఆ అఖండ దృష్టిని ముక్కలు చేసే ప్రతిపాదన ఇది.

ఈ ప్రతిపాదన అమలైతే పనిలో ఏం జరుగుతుందో ఆలోచించండి. అలెగ్జాండర్ క్రీ.పూ. 331లో బాబిలోన్‌లో అడుగుపెట్టాడు. ఆ రోజుల గురించి బంకమట్టి పలకల మీద అక్కాదియన్ భాషలో నక్షత్ర పరిశీలకుల దినచర్యలు ఉన్నాయి. పర్షియా రాజు డేరియస్‌ను ఓడించిన గౌగమేలా యుద్ధానికి పదకొండు రోజుల ముందు చంద్రగ్రహణం పట్టిందని వాటిలో ఉంది. ఆయన చనిపోయింది క్రీ.పూ. 323 జూన్ 11న అని మనం ఈనాడు చెప్పగలుగుతున్నామంటే అదీ ఆ పలకల పుణ్యమే. గ్రీకు గ్రంథాలు ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఆ తేదీ దగ్గరే తగాదా తెగదు. అక్కాదియన్ చదవడం మన రక్తానికి పడదు అనుకున్న చరిత్రకారుడు తన కథానాయకుడి చావు తేదీని కూడా పోగొట్టుకుంటాడు.

1938లో వచ్చిన వ్యాసం ఇంకా ముఖ్యం. అందులో విషయం అలెగ్జాండర్ జాతుల్ని కలిపే విధానం. నేపథ్యం కొంచెం చెప్పాలి. క్రీ.పూ. 324లో సూసా నగరంలో అలెగ్జాండర్ సామూహిక వివాహాలు జరిపించాడు. అర్రియన్ లెక్కలో సుమారు 80 మంది ముఖ్య అనుచరులకు పర్షియా, మీడియా దొరల ఆడపిల్లల్ని కట్టబెట్టారు. అలెగ్జాండర్ తాను డేరియస్ కూతుర్ని చేసుకున్నాడు. అలెగ్జాండర్ వెంట ఉండి ఆయన చరిత్ర రాసిన ఆరిస్టోబూలస్ మాట ప్రకారం అంతకుముందు రాజైన అర్తక్సెర్క్సెస్ ఓకస్ కూతురు పరిసాటిస్‌నూ చేసుకున్నాడు. అప్పటికే ఆసియా స్త్రీలతో కాపురాలు చేస్తున్న మాసిడోనియా సైనికుల పేర్లు రాయిస్తే పదివేలు దాటాయి. వాళ్లందరికీ కానుకలు ఇచ్చారు. కొన్నాళ్లకు టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న ఓపిస్‌లో తొమ్మిది వేలమందికి విందు, మాసిడోనియన్లూ పర్షియన్లూ పొత్తుగా ఏలుకోవాలని ప్రార్థన.

దీన్ని చూసి ఇంగ్లండులో టార్న్ అనే చరిత్రకారుడు 1933లో అలెగ్జాండర్ మానవజాతి అంతా ఒకటని కల కన్నాడన్నాడు. అది అతిశయోక్తి. ఎర్నస్ట్ బేడియన్ అనే మరో చరిత్రకారుడు 1958లో ఆ వాదాన్ని పీసు పీసుగా విప్పేశాడు. సూసాలో వరులంతా అలెగ్జాండర్ వైపు వాళ్లు, వధువులంతా పర్షియా వైపు వాళ్లు; ఒక్క పర్షియా దొరకైనా మాసిడోనియా పిల్లనిచ్చినట్టు లేదు. బెర్వె పట్టుకున్న కొస వేరు. ఈ కలయిక అందరితో కాదు, ఇరానియన్లతోనే. ఎందుకంటే వాళ్లూ మాసిడోనియన్లూ రక్తబంధువులైన ఏలిక జాతులు. బాబిలోనియన్లు, ఫినీషియన్లు లాంటి సెమిటిక్ జనాలను అలెగ్జాండర్ కావాలనే దూరం పెట్టాడు. ఇదీ ఆయన చెప్పిన కారణం.

ఇందులో మొదటి సగం నిజమే. సూసా వధువుల జాబితాలో ఫినీషియా పిల్ల కానీ, బాబిలోన్ పూజారి కూతురు కానీ పేరు పెట్టి కనిపించదు. గమనించింది సరిగ్గానే గమనించాడు. దానికి చెప్పిన కారణమే గ్రంథాల్లో లేదు. మూడు చోట్ల పట్టి చూపిస్తాను.

ఒకటి, వధువుల వంశం. పరిసాటిస్ తండ్రి అర్తక్సెర్క్సెస్ ఓకస్. ఆయన తండ్రి రెండో అర్తక్సెర్క్సెస్, అంటే పరిసాటిస్‌కు తాత. ఈ తాతగారి తల్లిదండ్రులు రెండో డేరియస్, ఇంకో పరిసాటిస్ రాణి. వాళ్లిద్దరూ ఒకే తండ్రి పిల్లలు, తల్లులు వేరు. ఆ తల్లుల పేర్లు గ్రీకు రచయిత క్టీసియస్ చెప్పాడు: డేరియస్ తల్లి కోస్మార్టిడెనె, రాణి తల్లి ఆండియా. ఇద్దరూ బాబిలోనియా స్త్రీలు. అంటే సూసా పెళ్లికూతురి తాతగారికి నాయనమ్మా, అమ్మమ్మా ఇద్దరూ బెర్వె దూరం పెట్టించిన జనంలోంచి వచ్చినవాళ్లే. రెండో వధువు, డేరియస్ కూతురు, ఆమెదీ అదే వంశం: ఆమె ముత్తాత ఓస్టానెస్ రెండో అర్తక్సెర్క్సెస్‌కు తమ్ముడు. క్టీసియస్ కట్టుకథలు చెప్తాడన్న పేరున్నమాట నిజం. కానీ ఆయన పర్షియా కొలువులో రాజవైద్యుడు, ఆ పరిసాటిస్ రాణి ప్రాపకంలో బతికినవాడు. ఆమె కన్నతల్లి ఏ ఊరిదో ఆయనకు తెలియదనడం కష్టం. ఇది ఎక్కడో ఇసుకలో కొత్తగా దొరికిన పత్రం కాదు. గ్రీకు చరిత్ర చదివిన ప్రతి జర్మన్ ఆచార్యుడి గదిలోనూ ఉన్న సమాచారమే.

ఇంకో కుటుంబం కూడా చెప్పుకోవాలి. మజాయుస్ అనే పర్షియా దొరను అలెగ్జాండర్ బాబిలోన్‌కు సామంతుడిగా పెట్టాడు. ఆయన కొడుకుల్లో ఒకడికి అర్రియన్ ఇచ్చిన పేరు ఆంటిబెలోస్. కర్టియస్‌లో కనిపించే కొడుకు పేరు బ్రోకుబెలుస్. రెండు పేర్ల చివరా ఉన్నది బేల్, బాబిలోనియా దేవుడి పేరు. తల్లి బాబిలోనియా ఆవిడ కావచ్చని చాలామంది ఊహ. హైడార్నెస్, ఆర్టిబోలెస్ అనే మజాయుస్ కొడుకులు ఇద్దర్ని అలెగ్జాండర్ తన సొంత అశ్వదళంలో చేర్చుకున్నాడని అర్రియన్ రాశాడు. మనుషుల పట్టిక తయారుచేసిన పండితుడి కంటికి ఇవన్నీ ఆనక తప్పవు.

రెండోది, మనవాళ్ల సంగతి. రక్తబంధుత్వమే సూత్రమైతే, భాషల చుట్టరికం నుంచి జాతిని పుట్టించిన ఆ సిద్ధాంతం లెక్కన తక్షశిల అంభి, జీలం ఒడ్డు పోరస్ కూడా ఆ పంక్తిలో కూర్చోవాలి. సూసా జాబితాలో భారతదేశపు వధువు ఒక్కరూ లేరు. ఆ రాజుల్ని అలెగ్జాండర్ వాళ్ల గద్దెల మీదే ఉంచి కప్పం కట్టించుకున్నాడు. కారణం చాలా లౌకికం. పర్షియా, మీడియా దొరలే నిన్నటిదాకా సామ్రాజ్యాన్ని నడిపినవాళ్లు, గుర్రాలూ కోటలూ లెక్కల పుస్తకాలూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లను కలుపుకోకుండా పాలన సాగదు. పంజాబు రాజులతో అలాంటి అవసరం లేదు. ఏలిన వర్గంతో వియ్యం అందుకోవడం అన్న కారణం వధువుల జాబితాను మొత్తంగా వివరిస్తుంది. రక్తం అన్న కారణం సగం దగ్గరే ఆగిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది. ఓపిస్‌లో మాసిడోనియా సైనికులు తిరగబడ్డారు. అలెగ్జాండర్ కోపం తెచ్చుకుని పర్షియన్లను పిలిచి పటాలాల్ని వాళ్లకు పంచడం మొదలుపెట్టాడు, వాళ్లలో కొందరిని బంధువులు అని పిలిచాడు. రాజును ముద్దు పెట్టుకునే హక్కు ఆ బంధువులకే. మాసిడోనియన్లు ఏడ్చుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర పడ్డారు. కల్లినెస్ అనే గుర్రపు దళాధికారి ముందుకొచ్చి, పర్షియన్లను బంధువులన్నారు, మాకు ఆ భాగ్యం ఇప్పటిదాకా లేదు అని మొరపెట్టుకున్నాడు. మీ అందరినీ బంధువులుగా చేసుకుంటున్నాను అన్నాడు అలెగ్జాండర్. కల్లినెస్ వెళ్లి ముద్దు పెట్టుకున్నాడు, తర్వాత కోరుకున్నవాళ్లంతా పెట్టుకున్నారు. బంధువు అన్నది పర్షియా కొలువులో ఒక బిరుదు. రాజు నోటి మాటతో ఇచ్చేది. వేలమందికి ఒక్క సాయంత్రంలో దక్కిన ఆ చుట్టరికంలో రక్తం ఎక్కడుంది?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మొదటి డేరియస్ తన సమాధి శాసనంలో తాను పర్షియన్‌ననీ, ఆర్యుణ్ణనీ చెప్పుకున్నాడు కదా అని. చెప్పుకున్నాడు. అది ఇరాన్‌వాళ్లు తమను తాము పిలుచుకున్న పేరు. మాసిడోనియన్ ఎవడూ ఆ పేరు తనకు పెట్టుకోలేదు. గ్రీకులకు పర్షియన్లు బార్బేరియన్లే. ఆ రెండు జనాలకూ ఒకటే జాతి అని పేరు పెట్టింది పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా.

ఆ పేరు పెట్టడంలో జరిగిన తప్పు తెలుగువాళ్లకు దగ్గరిది. భాషలకు కుటుంబాలుంటాయని కనిపెట్టిన పనిలో మన భాషకు గట్టి పాత్ర ఉంది. 1816లో మద్రాసులో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వ్యాసం తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిదొక వేరు కుటుంబమని వాదించింది. ధాతువులు, ప్రత్యయాలు, వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపిన వాదన అది. అందులో పుర్రెలు లేవు, రక్తమూ లేదు. భాషా కుటుంబం అంటే అంతే. తర్వాత తర్వాత ఆర్య, ద్రావిడ అన్న మాటలు మనుషుల ముక్కుల మీదికీ రంగుల మీదికీ జారాయి, మన దగ్గరా జారాయి. ఆర్య అన్న మాటను ఐరోపాలో బాగా వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో ఒకడైన మాక్స్ ముల్లరే 1888లో నెత్తీనోరూ కొట్టుకున్నాడు: ఆర్య జాతి, ఆర్య రక్తం అనడం, పొడుగు పుర్రె ఉన్న నిఘంటువు అనడంతో సమానమని. బెర్వె ఆ వ్యాసం రాసింది ఆ హెచ్చరిక వెలువడిన యాభయ్యేళ్లకు.

ఈ జబ్బు జర్మనీలో మాత్రమే ఉందనుకోకూడదు. 1916లో అమెరికాలో టెన్నీ ఫ్రాంక్ అనే ప్రసిద్ధ రోము చరిత్రకారుడు రోము నగరంలోని సుమారు 13,900 సమాధి శాసనాలు లెక్కపెట్టాడు. గ్రీకు పేరుంటే తూర్పు మూలం అనుకున్నాడు. అలా లెక్కేస్తే నగర జనంలో అత్యధికులు తూర్పువాళ్లని తేలింది. జాతి కల్తీ వల్ల రోము కూలిందన్న సిద్ధాంతం సిద్ధమైంది. శాసనాలు నిజం, కూడిక నిజం. పేరు చూసి పుట్టుక చెప్పొచ్చన్న మొదటి మెట్టే అబద్ధం. 1924లో మేరీ గోర్డన్ దాన్ని చూపించింది: బానిసలకు పేర్లు పెట్టేది కొనేవాడో అమ్మేవాడో. వర్రో అనే రోము పండితుడే చెప్పిన ఉదాహరణ ఉంది. ముగ్గురు యజమానులు ఎఫెసస్ సంతలో తలా ఒక బానిసను కొంటారు. ఒకడు అమ్మినవాడి పేరు ఆర్టెమిడోరస్ కాబట్టి బానిసను ఆర్టెమాస్ అంటాడు. ఇంకొకడు అయోనియాలో కొన్నాడు కాబట్టి అయోన్ అంటాడు. మూడోవాడు ఊరిని బట్టి ఎఫెసియస్ అంటాడు. ముగ్గురు బానిసల కన్నతల్లులు ఎక్కడివాళ్లో ఈ పేర్లలో ఒక్క అక్షరం లేదు. పేర్ల పట్టికలతో పనిచేసే ఎవరైనా గోడకు అతికించుకోవాల్సిన వాక్యం వర్రోది.

మళ్లీ బెర్వె దగ్గరికి వద్దాం. 1937లో స్పార్టా మీద చిన్న పుస్తకం రాశాడు. ఉత్తరం నుంచి దిగివచ్చిన ప్రభువర్గం, కఠిన శిక్షణ, సమూహం కోసం బతకడం, ఇలా స్పార్టాను కొత్త జర్మనీకి అద్దంగా నిలబెట్టిన రాతల్లో అది ముఖ్యమైనది. జాతివాద పఠనంలో స్పార్టా పతనానికి కారణం సులువు: మేలు రక్తం యుద్ధాల్లో కారిపోయింది, తరిగిపోయింది. పాత గ్రంథాలు చెప్పే కారణం వేరు, అది చాలా వివరంగా ఉంది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగాలి.

సంఖ్యలు చూడండి. క్రీ.పూ. 479లో ప్లటాయియా యుద్ధానికి 5,000 మంది పూర్తి పౌరులు వెళ్లారని హెరొడోటస్ లెక్క. ఒక్కొక్కడి వెంట ఏడుగురు హెలట్లు, అంటే 35,000 మంది వెట్టివాళ్లు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర ఉన్న పూర్తి పౌరులు 700, అందులో 400 మంది అక్కడే చచ్చిపోయారని క్సెనొఫోన్. మొత్తం వెయ్యిమంది కూడా మిగల్లేదని అరిస్టాటిల్. నేల మాత్రం 30,000 మంది కాలిబంట్లను పోషించగలదని ఆయనే అన్నాడు. వందేళ్లలో ఇంత తరుగు ఎలా వచ్చింది?

స్పార్టాలో పౌరుడు కావాలంటే పంక్తి భోజనానికి నెలనెలా తన వంతు చెల్లించాలి. ప్లూటార్క్ జాబితా ఇచ్చాడు: ఒక మెడిమ్నస్ బార్లీ పిండి, 8 ఖోయిస్ వైన్, 5 మీనాల చీజ్, రెండున్నర మీనాల అంజూర పళ్లు, పైన కూరాకు కోసం కొద్దిగా డబ్బు. ఏథెన్స్ కొలతలో మెడిమ్నస్ అంటే సుమారు 52 లీటర్లు. స్పార్టా కొలత అంతకన్నా పెద్దదే. ఇది ఒక మనిషి తిండికి మించిన సరుకు. ఇవ్వలేకపోతే పంక్తిలోంచి లేవాలి, పంక్తి పోతే పౌరహక్కు పోతుంది. ఇదే నియమం అని అరిస్టాటిల్ స్పష్టంగా చెప్పాడు. మరో పక్క కట్నాల వల్ల, వారసత్వాల వల్ల భూమి కొద్దిమంది చేతుల్లోకి చేరింది. ఐదింట రెండు వంతుల నేల ఆడవాళ్ల పేర ఉందని ఆయన లెక్క. పొలం చీలితే బార్లీ తగ్గుతుంది, బార్లీ తగ్గితే పౌరుడు తగ్గుతాడు. క్రీ.పూ. 464 భూకంపం, యుద్ధ మరణాలు దీనికి తోడయ్యాయి.

కినడోన్ కథ ఈ సంగతిని దగ్గరగా చూపిస్తుంది. క్రీ.పూ. 400 దాటిన కొద్ది ఏళ్లకు జరిగిన కుట్ర అది. కినడోన్ ఒకణ్ణి స్పార్టా సంత అంచుకు తీసుకెళ్లి పూర్తి పౌరులెంతమందో లెక్కపెట్టమన్నాడు. రాజు, అధికారులు, పెద్దలు, వాళ్లు కాక ఇంకో 40 మంది దాకా తేలారు. వీళ్లు నీ శత్రువులు, సంతలోని మిగతా నాలుగు వేలమందికి పైగా నీ మిత్రులు అన్నాడు కినడోన్. క్సెనొఫోన్ మాటల్లో అతను దేహబలం, గుండెధైర్యం ఉన్న కుర్రవాడు, సమానులలో, అంటే పూర్తి పౌరులలో, మాత్రం ఒకడు కాడు. పట్టుబడ్డాక ఎందుకు చేశావంటే లాకెడైమోన్‌లో, అంటే స్పార్టాలో, ఎవరికీ తీసిపోకూడదని అన్నాడు. బలహీన రక్తం గురించి మాట్లాడేవాళ్లు ఈ బలమైన కుర్రవాణ్ణి ఎక్కడ పెడతారు? స్పార్టాలో కొరతపడింది మనుషులు కాదు, పౌరులు. ఆ కొరతను తయారుచేసింది బార్లీ బస్తా, భూమి పత్రం.

జాతి సిద్ధాంతం చరిత్రకారుడికి చేసే అసలు నష్టం ఇక్కడే బయటపడుతుంది. ఎందుకు అని అడిగితే వాళ్ల సహజగుణం అదే అని జవాబు వస్తుంది, అక్కడితో తవ్వడం ఆగిపోతుంది. పంక్తి చందా దాకా, దస్తావేజు దాకా, క్టీసియస్ చెప్పిన అమ్మమ్మ దాకా చేతులు వెళ్లవు.

అందరూ అప్పుడలాగే ఉన్నారు, కాలం అలాంటిది అనే మాట తరచుగా వినిపిస్తుంది. అందరూ లేరు. ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర చెప్పిన విక్టర్ ఏరెన్‌బెర్గ్ బెర్వె తరంవాడే, యూదుడు. 1934లో ఆయన రేడియోలో స్పార్టా గురించి మాట్లాడాడు, దాన్ని సర్వాధికార రాజ్యంగా చూపించి హెచ్చరించాడు. అవే గ్రంథాలు, అవే ఏళ్లు, అదే భాష. 1939లో ఆయన ఇంగ్లండుకు పారిపోవాల్సి వచ్చింది.

ఫ్రీడ్రిష్ మ్యూంజర్ పారిపోలేదు. ఆయనా సైలీషియావాడే, బ్రెస్లౌకు దగ్గర్లోని ఓపెల్న్‌లో 1868లో పుట్టాడు. బెర్వె అలెగ్జాండర్ మనుషులకు చేసిన పనిని మ్యూంజర్ రోము గణరాజ్యపు కుటుంబాలకు చేశాడు. జర్మన్ ప్రాచీన విజ్ఞాన సర్వస్వంలో రోము ప్రభువుల పద్దులు ఆయన చేతి మీదుగా వచ్చినవి అసంఖ్యాకం. 1920లో వచ్చిన ఆయన పుస్తకం లేకుండా రోము ప్రభుకుటుంబాల మీద ఎవరూ పని మొదలుపెట్టలేరు. మ్యూన్‌స్టర్‌లో ఆచార్యుడు. యూదు కుటుంబంలో పుట్టినందుకు హక్కులన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. 1942 వేసవిలో థెరీసియెన్‌స్టాట్ శిబిరానికి తరలించారు, అక్టోబర్ 20న అక్కడే పోయాడు. ఆయనకప్పుడు 74 ఏళ్లు. ప్రాచీన యుగపు కొత్త రూపం అన్న పేరుతో బెర్వె సంపాదకత్వంలోని ఆ రెండు సంపుటాలు వచ్చిన సంవత్సరం కూడా అదే. బెర్వె ఆ మరణానికి కారకుడని నేను అనను. ఒకే పద్ధతిలో పనిచేసిన ఇద్దరిలో ఒకరికి రెక్టర్ పీఠం, ఒకరికి శిబిరం ఇచ్చిన రాజ్యానికి ఆయన తన చదువుతో మర్యాద తొడిగాడని మాత్రం అంటాను.

యుద్ధం అయ్యాక ఉద్యోగం పోయింది. కొన్నేళ్లే. 1954లో ఎర్లాంగెన్‌లో మళ్లీ ఆచార్య పీఠం దొరికింది, 1962లో అక్కడే విరమించాడు. 1960లలో మ్యూనిక్‌లోని ప్రాచీన చరిత్ర, శాసనాల కమిషన్‌కు అధిపతిగానూ ఉన్నాడు. 1949లో పాత వ్యాసాల సంపుటి ఒకటి వచ్చింది. 1950ల మొదట్లో గ్రీకు చరిత్ర కొత్త కూర్పు వచ్చింది. 1967లో గ్రీకు నిరంకుశుల మీద రెండు సంపుటాల గ్రంథం తెచ్చాడు. ఊరు ఊరునా ఉన్న నిరంకుశుల సమాచారం అంతా పోగుచేసిన పుస్తకం అది, ఇప్పటికీ పనికొస్తుంది. తన కళ్లముందు నడిచిన నిరంకుశత్వం గురించి, అందులో తన పాత్ర గురించి లెక్క చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన అంశం ఉండదు. ఆ లెక్క అందులో లేదు. నాజీ కాలంలో ప్రాచీన చరిత్ర ఎలా నడిచిందో విడమరిచిన ఫోల్కర్ లోజేమాన్ పుస్తకం 1977లో గానీ రాలేదు. బెర్వె 1979లో పోయాడు.

మరి ఈ పుస్తకాలతో ఏం చేయాలి? 1926 పట్టికను పారేయమని ఎవరూ అనలేదు, నేనూ అనను. దాన్ని వాడే తీరు మాత్రం మార్చుకోవాలి. పద్దులో గ్రంథ స్థలాలు, తేదీలు, కొలువులు ఉన్న భాగం ఒక రకం సరుకు. ప్రతిదీ మూలంతో సరిచూడొచ్చు. మనిషి స్వభావాన్ని వర్ణించే వాక్యం ఇంకో రకం. అక్కడ మూలం ఏ మాట వాడిందో తెరిచి చూడకుండా ఎత్తిరాయకూడదు. 2006లో వాల్డెమార్ హెకెల్ ఇంగ్లిషులో తెచ్చిన అలెగ్జాండర్ కాలపు మనుషుల నిఘంటువును పక్కన పెట్టుకుంటే ఎక్కడెక్కడ పద్దు మారిందో తెలుస్తుంది. గ్రీకు చరిత్రను ఉదహరిస్తే ఏ కూర్పో, ఏ ఏడాదో రాయాలి. 1931 కూర్పునూ యుద్ధం తర్వాతి కూర్పునూ ఒకే పుస్తకంగా చూపడం చదివేవాణ్ణి మోసం చేయడమే. 1938 వ్యాసం 1966లో కేంబ్రిడ్జ్‌లో వచ్చిన అలెగ్జాండర్ వ్యాసాల సంకలనంలో మళ్లీ అచ్చయింది, చాలామంది విద్యార్థులకు అది దొరికేది అక్కడే. పుటల కింద 1966 అని చూసి చదివేవాళ్లు అది పుట్టింది న్యూరెంబర్గ్ జాతి చట్టాలు వచ్చిన మూడేళ్లకు, బెర్వె పార్టీ సభ్యుడిగా ఉన్నప్పుడు అని ముందే తెలుసుకుని పేజీ తిప్పాలి. ఆ తర్వాత అర్రియన్ ఏడో పుస్తకం తెరిచి నాలుగో అధ్యాయంలో వధువుల పేర్లు, పదకొండులో కల్లినెస్ మాటలు పక్కన పెట్టుకుని, ఇరానియన్లు, బంధువులు అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా అర్రియన్ వాడింది ఏ మాటో పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లాలి.